వాడకపోవచ్చు

గుణుపురంలో కరెంటు పోవడం ఈ పూటకిది మూడోసారి.
కింద జెరాక్సు కొట్టు ఒడియాలో తిట్టింది.
ఎదుటి సైకిళ్ల షాపు సవరలో ఏదో అని నవ్వింది.
నా లాప్‌టాప్ మాత్రం
ఎవరినీ ఏమీ అనకుండా తెర వెలుగు తగ్గించుకుంది.

వంశధార వంతెన మూడో స్తంభానికి
నీటిమట్టం చూసే పెట్టె ఒకటి కట్టాం, నేనూ బిభూతి గమాంగూ.
అరచేతంత సౌరపలక, సబ్బుబిళ్లంత బ్యాటరీ.
పావుగంటకోసారి లేవాలి,
ఏరెంత పెరిగిందో చూడాలి,
దిగువన హిరమండలానికి కబురంపి
మళ్లీ పడుకోవాలి.
అంతే దాని కొలువు.

శనివారం రాత్రి పడుకుంది.
లేవలేదు.
ఆ రాత్రి వరద రాలేదు, అందులో మా గొప్పేమీ లేదు.

కెర్నెల్లో దానికోసం నేను రాసిన ఫైలు
ఆరువందల పన్నెండు వరసలు.
పడుకోబెట్టే ముక్క ఒక షరతు కింద పెట్టాను,
లేపే ముక్క ఇంకో షరతు కింద.
ఎందుకంటే ఒకప్పుడు కంపైలర్ విసుక్కుంది,
‘రాశావు గాని ఎక్కడా వాడలేదే’ అని.
ఒక్క హెచ్చరిక, ఊదారంగులో.
దాని నోరు మూయించడానికి
చుట్టూ గోడ లేపేశాను.

కంపైలర్ కంటే ముందు ఒక జల్లెడ ఉంటుంది.
షరతు తీరని వరసల్ని అది
చెరపదు, తిట్టదు,
అసలు లోపలికే రానివ్వదు.
వాటిలో తప్పుందో ఒప్పుందో
అడిగే నాథుడుండడు.

లేపే షరతు పేరులో నేను ఒక అక్షరం మింగేశాను.
ఆ పేరున్నదెవరని అడిగింది జల్లెడ.
ఎవరూ పలకలేదు.
సరే, లేదు, అనుకుని ముందుకెళ్లిపోయింది.
తప్పు అనలేదు. లేదు అంది.

ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను.

మెట్ల కింద ఇడ్లీలమ్మే కొరికాన దాలమ్మ
మూడు నెలలుగా రేషను డిపోకి తిరుగుతోంది.
కార్డు మీద ఒడియాలో ‘డాలిమా’ అని పడింది.
మిషను దాలమ్మని వెతికి
లేదు అంది.
‘ఉన్నాను గదేటి, ఎదురుగానే ఉన్నాను గదేటి’ అని
వేలు ముద్రల గాజు మీద వేలు రుద్ది రుద్ది చూపించిందట.

నేను చదివిందంతా ఒడియాలో.
తెలుగక్షరాలు బస్సుల నుదుటి మీద నేర్చుకున్నాను,
పాతపట్నం, కొత్తూరు, పాలకొండ.
బడిలో ఎవరూ దిద్దలేదు. తప్పు అనలేదు.
ఇప్పటికీ శ కి, ష కి తడబడతాను.

గోడలు రెండూ పీకేశాను.
ఆ ముక్కల నెత్తిన ఒక చిన్న చీటీ అంటించాను,
‘వాడకపోవచ్చు’ అని.
ఇప్పుడు కంపైలర్ ప్రతి వరసా చదువుతుంది,
అక్షరం పోతే అక్కడే కేకలేస్తుంది,
చదివాకే, అక్కర్లేకపోతే వదిలేస్తుంది.
చదివి వదిలేయడం వేరు.
అదే దాలమ్మకి చెప్పబోయాను, నిద్రా మెలకువా అంటూ.
‘పడుకోడానికి సదువేటి బాబూ,
లెగడానికి గానీ’ అంది, చట్నీ గరిట ఆపకుండా.

బుధవారం గమాంగ్ నిచ్చెన పట్టుకున్నాడు.
కొత్త కెర్నెల్ ఎక్కించి కిందికి దిగాను.
ఆకుపచ్చ దీపం ఆరింది.
ఇసుకలో కూర్చున్నాం. ఏటికి అవతల ఎవరో
గేదెల్ని దింపుతున్నారు.
పద్నాలుగు. పదిహేను.
గమాంగ్ నా వైపు చూడలేదు, అది అతని మంచితనం.

పదహారో నిమిషాన వెలిగింది.

ఆ ఒక్క నిమిషం ఎక్కడిదో ఇంకా వెతుకుతున్నాను.
దాలమ్మ ఫారం నా జేబులోనే ఉంది,
పేరు ఒడియాలో మూడుసార్లు రాసి చూసుకున్నాను.
డిపో సోమవారం తెరుస్తారట,
కరెంటుంటే.